దుబాసీల ఊళ్లో యంత్రం

హైదరాబాద్‌లో దౌత్యం చిరునామా చాలాసార్లు మారింది. 1800 ప్రాంతంలో అది కోఠి. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన పెద్ద పెద్ద స్తంభాల భవనం ఇప్పటికీ అక్కడే ఉంది, చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో. 2008లో ఆ చిరునామా బేగంపేట. అమెరికన్ కాన్సులేట్ పైగా ప్యాలెస్‌లో మొదలైంది. 2023 మార్చి 20 నుంచి నానక్‌రామ్‌గూడ. 34 కోట్ల డాలర్లతో, 12 ఎకరాల పైచిలుకు స్థలంలో కట్టిన కొత్త కాన్సులేట్ ఐటీ కంపెనీల అద్దాల మేడల మధ్య నిలబడి ఉంది.

పాత బస్తీ దర్బారుకు దగ్గరగా ఉండాలని రెసిడెన్సీ కోఠిలో వెలిసింది. మరి నానక్‌రామ్‌గూడలో ఏ దర్బారు ఉంది? చుట్టూ మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్ ఉన్నాయి. 2025 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం కాన్సులేట్ పక్క రోడ్డుకు డొనాల్డ్ ట్రంప్ పేరు పెడతామని ప్రతిపాదించింది. అదే జాబితాలో ఇంకో వీధికి గూగుల్ పేరు. ఒక దేశాధ్యక్షుడు, ఒక కంపెనీ, ఒకే వరుసలో! కొందరు నవ్వుకున్నారు, కొందరు తిట్టుకున్నారు. కానీ ఆ జాబితా రాసినవాళ్లు లోకం పోకడను సరిగ్గానే పట్టుకున్నారు. డెన్మార్క్ 2017లోనే టెక్ కంపెనీలతో మాట్లాడటానికి ఒక రాయబారిని నియమించి సిలికాన్ వ్యాలీకి పంపింది. మన విదేశాంగ శాఖలో కూడా 2020 నుంచి కొత్త టెక్నాలజీల కోసం ఒక ప్రత్యేక విభాగం ఉంది.

అయితే దౌత్యమంటే భవనాలూ రాయబారులూ మాత్రమే కాదు. రెండు పక్షాల మధ్య మాటను మోసేవాడు ఒకడుంటాడు. తెలుగులో వాడికి ఒక పేరుంది: దుబాసీ. రెండు భాషలవాడు. చరిత్ర పుస్తకాల్లో సంతకాలు పెట్టినవాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, దుబాసీ అడుగున ఎక్కడో ఉంటాడు. కానీ కథ చాలాసార్లు నడిచింది అతని నోటి మీదే.

1800 అక్టోబర్ 12 నాటి ఒప్పందమే చూడండి. కంపెనీ సైన్యం ఖర్చుల కింద నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. ఆ నేలకు దత్తమండలాలని పేరు పడింది. ఆ పేరు వదిలించుకుని రాయలసీమ అని పిలుచుకోవడానికి 1928 నంద్యాల సభ దాకా ఆగాల్సి వచ్చింది. ఇంతకీ ఆ ఒప్పందం మాటలు నడిపిందెవరు? కిర్క్‌పాట్రిక్ దగ్గర పనిచేసిన మున్షీ అజీజుల్లా. నిజాం ప్రధాని అరస్తు జా మనసు ఎప్పుడు మెత్తబడుతుందో, ఏ మాట ఏ పూట అనాలో అతనికి తెలుసు. ఆ బేరసారాల్లో సీమ రైతును అడిగినవాళ్లు లేరు. అయినా ఒకటి మాత్రం నిజం: అక్కడ మాట మోసినవాడికి ఒక పేరుంది, ఒక ముఖం ఉంది. రెండొందల ఏళ్ల తర్వాత కూడా మనం అతన్ని వేలెత్తి చూపించగలం.

మన సాహిత్యంలోనూ ఒక పెద్ద దుబాసీ ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా చేశాడు. 1830లో కాశీకి బయల్దేరి, హైదరాబాద్ మీదుగానే వెళ్లాడు. ఆయన కాశీయాత్ర చరిత్రను మనం యాత్రాసాహిత్యంగా చదువుకుంటాం. కానీ ఆ చూపు వెనక వృత్తి ఉంది. ఒకరి మాట ఇంకొకరికి అందేలోపు ఎక్కడ జారిపోతుందో రోజూ కోర్టులో చూసినవాడి చూపు అది.

ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి కలకత్తాకు ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. అందుకే ఇక్కడున్న రెసిడెంటుకు సొంత తెలివితో నిర్ణయించే వీలుండేది. టెలిగ్రాఫ్ వచ్చాక ఆ వీలు తగ్గింది. పైవాళ్లు గంటల్లో అడిగేస్తారు, గంటల్లో చెప్పేస్తారు. దూరం తగ్గిన ప్రతిసారీ ఊళ్లో ఉన్న మనిషి విచక్షణ కొంచెం తగ్గి, దూరంగా ఉన్న ఆఫీసు అధికారం కొంచెం పెరుగుతూ వచ్చింది. డిజిటల్ దౌత్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ పాత లెక్కను మర్చిపోకూడదు.

తీగ మీద వచ్చిన మాటతో ఇంకో చిక్కు కూడా ఉంది. అది హైదరాబాద్‌కు 1948లో ఎదురైంది. ఆ ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారతదేశం మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ప్రతినిధి బృందం పారిస్ వెళ్లింది. సెప్టెంబర్ 16న మండలి విచారణ మొదలుపెట్టింది. మర్నాటికే పోలీసు చర్య ముగిసి నిజాం లొంగిపోయాడు. కొద్ది రోజులకు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఆయన పేరు మీద పారిస్‌కు సందేశం వెళ్లింది. అప్పుడు మండలి ముందు నిలిచిన ప్రశ్న: ఇది నిజంగా నిజాం మాటేనా, లేక ఎవరో అనిపించిన మాటా? కాగితం మీద అక్షరాలున్నాయి, వాటి వెనక మనసు కనబడదు.

2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికులను ఆయుధాలు దింపేయమంటున్నట్టు ఒక నకిలీ వీడియో వచ్చింది. తల కొంచెం తేడాగా, గొంతు కొంచెం తేడాగా ఉండటంతో జనం పట్టేశారు. జెలెన్‌స్కీ కూడా వెంటనే తన ఫోన్‌లో వీడియో తీసి పెట్టి ఖండించాడు. 1948లో సందేహం మనసు గురించి. ఇప్పుడు ముఖం గురించీ గొంతు గురించీ కూడా. ఆ తేడాలు కనబడనంత బాగా చేసే యంత్రాలు ఇప్పటికే వచ్చేశాయి.

సరే, యుద్ధాలూ లొంగుబాట్లూ మన గచ్చిబౌలి జీవితాలకు దూరం అనుకుందాం. దౌత్యం మనలో చాలామందికి దగ్గరగా వచ్చేది ఒక్కచోటే: వీసా కిటికీ దగ్గర. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 మార్చిలో క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చారు. 2006 మార్చిలో బుష్ వచ్చినప్పుడు ఇక్కడ కాన్సులేట్ పెడతామన్నారు. అప్పటిదాకా మనవాళ్లు వీసా కోసం చెన్నై రైలెక్కేవాళ్లు. చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరొచ్చింది కూడా ఈ కిటికీ పుణ్యమే.

ఆ కిటికీ అవతల ఇప్పుడేం జరుగుతోంది? 2019 నుంచి వీసా దరఖాస్తులో ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థులు తమ ప్రొఫైళ్లను అందరికీ కనబడేలా తెరిచి పెట్టాలి. అదే ఏడాది డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్లకూ ఇదే రూలు. ఆ నెలలో మనవాళ్ల ఇంటర్వ్యూలు ఎన్నో మరుసటి ఏడాదికి జరిగిపోయాయి. విద్యార్థుల పోస్టులను ఏఐ సాయంతో జల్లెడ పట్టి వీసాలు రద్దు చేసే ప్రయత్నం గురించి అమెరికన్ పత్రికలు 2025 మార్చిలోనే రాశాయి. చివరి నిర్ణయం ఇప్పటికీ ఆఫీసర్‌దే. కానీ ఆఫీసర్ ముందుకు మనల్ని ఎవరు ఎలా తీసుకెళ్తున్నారన్నది అసలు సంగతి. అంటే, దుబాసీ ఎవరు?

మనం ఆన్‌లైన్‌లో రాసుకునే తెలుగు ఒక్కసారి గుర్తు చేసుకోండి. హీరో నచ్చితే 'చంపేశాడు' అంటాం. పాట నచ్చితే 'తగలబెట్టేశాడు'. ఫస్ట్ షో చూసొచ్చి 'థియేటర్ బ్లాస్ట్' అని పెడతాం. 'పొడిచేశావులే' అన్నది కత్తి సంగతి కాదు, వెటకారం. పైగా సగం ఇంగ్లీషు లిపిలో, సగం తెలంగాణ యాసలో. ఈ మాటలను అనువాద యంత్రం చదివితే ఏం చెబుతుంది? తెలిసిన మనిషైతే నవ్వేసి పక్కన పెడతాడు. యంత్రం తన దగ్గరున్న పాఠాన్ని బట్టి చెబుతుంది, ఆ పాఠంలో తెలుగు ఎంతుందో అంతే. ఇంగ్లీషుతో పోలిస్తే అది చాలా తక్కువ. తిరస్కరణ వస్తే అది పోస్టు వల్లనో, అనువాదం వల్లనో తెలుసుకునే దారి సాధారణంగా ఉండదు. వీసా నిరాకరణ మీద అమెరికన్ కోర్టులు కూడా దాదాపు జోక్యం చేసుకోవు.

ఇంకో వైపు కూడా చూడాలి. ఇదే గచ్చిబౌలిలో, 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీలో, భారతీయ భాషల యంత్రానువాదం మీద ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి తెచ్చింది. 2023 డిసెంబర్‌లో వారణాసిలో ప్రధాని హిందీ ప్రసంగం అప్పటికప్పుడు తమిళంలో వినిపించింది దాని సాయంతోనే. వీరాస్వామయ్య కాశీ చేరిన ఇన్నేళ్లకు అదే ఊళ్లో దుబాసీ పని యంత్రం చేసింది! చిన్న భాషలవాళ్లు ఇంగ్లీషు రాకుండానే పెద్ద సభల్లో మాట్లాడగలిగితే, దౌత్యంలో అంతకంటే పెద్ద మార్పు ఏముంటుంది? కాబట్టి యంత్రం రాకూడదని కాదు.

కానీ అజీజుల్లాను కిర్క్‌పాట్రిక్ నిలదీయగలిగేవాడు. కోర్టులో వీరాస్వామయ్య అనువాదం తప్పనిపిస్తే అవతలి వకీలు లేచి అభ్యంతరం చెప్పగలిగేవాడు. దుబాసీ మీద నమ్మకం నిలబడింది ఆ వెసులుబాటు వల్లే. ఈ కొత్త దుబాసీని మన ఊళ్లోనే, మన క్లాస్‌మేట్లే తయారుచేస్తున్నారు. అది తెలుగును ఎంత బాగా చదువుతుందన్నది ఒక ప్రశ్న. తప్పు చదివినప్పుడు లేచి 'అయ్యా, దాని అర్థం అది కాదు' అనడానికి ఒక మనిషికి, ఒక కిటికీ దగ్గర, చోటుంటుందా అన్నది రెండోది. మొదటిదాని మీద నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల వేలమంది పనిచేస్తున్నారు. రెండోదాన్ని అడగడం మాత్రం ఇంకా సరిగ్గా మొదలు కాలేదు. సీమ రైతును ఆనాడు ఎవరూ అడగలేదు. ఈసారి అడిగేదాకా ఆగకుండా మనమే అడగాలి.