గోదావరి డెల్టాలో గాయపడిన పక్షులు, గూటి నుంచి పడిన పిల్లలు: తొలి సంరక్షణ తీరు
(ప్రత్యేక వ్యాసం)

కొల్లేరు సరస్సు నుంచి కాకినాడ చెంతనున్న కోరింగ మడ అడవుల వరకు విస్తరించిన గోదావరి డెల్టా పక్షులకు పెట్టనికోట. వరిచేలు, కాలువలు, చేపల చెరువులు, కొబ్బరితోటలు, తాటితోపులు వాటికి ఏడాది పొడవునా ఆహారాన్నీ, ఆశ్రయాన్నీ ఇస్తున్నాయి. ప్రతి వేసవిలోను, ప్రతి తుఫాను అనంతరం గూటి నుంచి పడిపోయిన పిల్లలు, రెక్క విరిగిన పక్షులు ప్రజల కంటపడుతుంటాయి. వాటిని కాపాడాలన్న సదుద్దేశం చాలామందిలో ఉన్నది. కాని అవగాహన లోపించినప్పుడు ఆ సహాయమే ప్రాణాంతకమవుతున్నది. నోరు తెరిచి నీళ్లు పోయడం, పాలు పట్టడం, తల్లి చెంతనే ఉన్న పిల్లను ఇంటికి తెచ్చుకోవడం ఇందుకు ఉదాహరణలు. మొదటి గంటలో ఏమి చేయాలి, ఏమి చేయరాదు, ఎవరికి తెలియజేయాలి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

డెల్టాలో పక్షి సంపద

కోరింగ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నది. కొల్లేరు సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా నోటిఫై అయింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసర్ జాబితాలో చేరింది. కైకలూరు సమీపంలోని ఆటపాక గూడబాతుల స్థావరంగా ప్రసిద్ధి పొందింది. పశ్చిమ గోదావరి జిల్లాలో గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టుకొనే విషయాన్ని పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లోనే గుర్తించారు. రామచిలుకను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

ఈ సంపదకు ముప్పు కూడా తక్కువ కాదు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమలో కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. చెట్టు కూలితే దానిపై గల గూళ్లన్నీ కూలుతాయి. చేపల చెరువులపై కట్టిన వలలు, దారాలు, చేలలో చల్లిన పురుగుమందులు, వరికోత యంత్రాలు, విద్యుత్ తీగలు, గాలిపటాల మాంజా, పిల్లులు, కుక్కలు కూడా పక్షులు గాయపడటానికి కారణమవుతున్నాయి. నైలాను, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశవ్యాప్తంగా నిషేధించింది.

చట్టం ఏమి చెబుతున్నది?

వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972 ప్రకారం అడవి పక్షిని పట్టడం, గూటిని చెదరగొట్టడం, గుడ్లను తీయడం లేదా పాడుచేయడం కూడా వేట కిందకే వస్తాయి. రామచిలుకను, గోరింకను పంజరంలో పెంచడం ఇంటి అలవాటుగా కనిపించినా చట్టరీత్యా నేరమే. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పూర్వం హానికర జీవుల జాబితాలో ఉన్న ఊరకాకిని సవరణ తరువాత ఆ దృష్టితో చూడవలసిన అవసరం లేదు. ఆ అనుసూచికయే తొలగిపోయింది.

ఆపదలో ఉన్న పక్షిని చేరదీసిన వ్యక్తి భయపడనక్కరలేదు. అయితే చట్టంలోని 39వ సెక్షను ప్రకారం 48 గంటలలోగా సమీప పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని సమాచారం ఇచ్చి, కోరినప్పుడు పక్షిని అప్పగించవలసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినందున, పూర్వపు ఉభయ గోదావరి జిల్లాల పరిధిలోని వారు తమ ప్రస్తుత జిల్లా అటవీ అధికారి, రేంజి అధికారి కార్యాలయాల ఫోను నంబర్లను ముందుగానే తెలుసుకొని ఉంచుకోవడం మంచిది.

నిజంగా ఆపదలో ఉన్నదా?

నేలపై కనిపించిన ప్రతి పక్షిపిల్లా అనాథ కాదు. చేయి చాచేముందు దాని దశను గుర్తించాలి.

1. ఈకలు రాని పిల్ల: కళ్లు మూసుకొని, ఒంటిపై ఈకలు లేకుండా ఉంటుంది. దీనిని గూటికి చేర్చాలి. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లను వదిలివేస్తుందన్నది అపోహ మాత్రమే. తల్లిదండ్రులు పిల్లను ప్రధానంగా చూపుతోను, అరుపుతోను గుర్తిస్తాయి. గూడు ధ్వంసమైతే, అడుగున రంధ్రాలు గల చిన్న బుట్టలో ఎండుగడ్డి పరచి, పాత గూటికి వీలైనంత దగ్గరగా, ఎండవానలు తగలని కొమ్మకు కట్టాలి. సన్నని దారాలు, విడిపోయిన కొబ్బరిపీచు వాడరాదు. అవి పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి.

2. ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ తిరిగే పిల్ల: ఇది ఎగరడం నేర్చుకుంటున్న దశ. తల్లిదండ్రులు దానికి నేలపైనే మేత అందిస్తుంటాయి. పిల్లి, కుక్క, వాహనాల బెడద ఉంటే సమీపంలోని పొదలోకి లేదా తక్కువ ఎత్తు కొమ్మపైకి చేర్చి దూరంగా వెళ్లాలి. రెండు గంటలపాటు దూరం నుంచి గమనించినా పెద్ద పక్షి జాడ కనిపించకపోతేనే జోక్యం అవసరం. మనిషి పక్కనే నిలబడితే తల్లి దరిచేరదు.

3. పుట్టిన కొద్ది గంటలకే నూగుతో పరుగెత్తే పిల్లలు: తీతువు, బొల్లికోడి, బాతుల పిల్లలు ఈ కోవకు చెందుతాయి. చేలగట్లపై ఒంటరిగా కనిపించినా తల్లి సమీపంలోనే ఉంటుంది. వీటిని అక్కడే వదలాలి.

కాకులు కోయిల పిల్లకు మేత పెట్టడం కూడా సహజమే. కోయిల తన గుడ్లను కాకి గూటిలో పెడుతుంది. ఆ పిల్లను కాకుల నుంచి ‘విడిపించడం’ దానిని పస్తు పెట్టడమే.

రక్తస్రావం, వేలాడుతున్న రెక్క, నిలబడలేకపోవడం, వణుకు, ఈగల గుడ్లు పట్టిన గాయం, పిల్లి నోటపడటం వంటి లక్షణాలు ఉంటే మాత్రం వెంటనే సంరక్షణలోకి తీసుకోవాలి. పిల్లి కాటు పైకి కనిపించకపోయినా దాని లాలాజలంలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో పక్షి ప్రాణం తీయగలవు. కనుక ఆ పక్షికి పశువైద్యుని చికిత్స కొన్ని గంటలలోనే అందాలి.

మొదటి గంట: వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం

పక్షిపై పలుచని నూలుగుడ్డ కప్పి, రెక్కలు శరీరానికి ఆనేటట్లు రెండు చేతులతో మృదువుగా పట్టుకోవాలి. రొమ్మును నొక్కరాదు. పక్షికి మనిషికున్నట్లు ఉదరవితానం లేదు. రొమ్ముటెముక కదలికతోనే ఊపిరి సాగుతుంది. గట్టిగా పట్టుకుంటే చేతిలోనే ఊపిరాడక చనిపోతుంది.

గాలిరంధ్రాలు చేసిన అట్టపెట్టెలో గుడ్డ పరచి పక్షిని ఉంచి, మూత వేయాలి. ఇనుప పంజరం తగదు. బెదిరిన పక్షి ఊచలకు కొట్టుకొని ఈకలు విరుచుకుంటుంది. ఈకలు లేని పిల్లకు సుమారు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. గోరువెచ్చని నీళ్లు నింపిన సీసాను గుడ్డతో చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచితే, వేడి ఎక్కువైనప్పుడు పక్షి రెండో పక్కకు జరుగుతుంది. ఎండదెబ్బ తగిలి నోరు తెరిచి రొప్పుతున్న పక్షికి మాత్రం వేడి పనికిరాదు; నీడగల, గాలి ఆడే చోట ఉంచాలి.

విరిగిన రెక్కకు, కాలికి పుల్లలు కట్టే ప్రయత్నం చేయరాదు. పక్షి ఎముకలు సుమారు మూడు వారాలలోనే అతుక్కుంటాయి. వంకరగా అతికితే ఆ పక్షి మరి ఎగరలేదు. గాలం ముల్లు గుచ్చుకుంటే లాగరాదు. దారాన్ని కొంత మిగిల్చి కత్తిరించి వైద్యునికి చూపాలి.

ఆహారం: తొందరపాటు వద్దు

చల్లబడిన పక్షి ఆహారాన్ని జీర్ణించుకోలేదు. కనుక ముందు వెచ్చదనం, తరువాతే మేత. పక్షి నోటిలో నీళ్లు ఎన్నడూ పోయరాదు. దాని శ్వాసరంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది. పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పిల్లలకు కావలసిన నీరు మేతలోనే లభిస్తుంది. పాలు, పాలన్నం, రొట్టె, బిస్కెట్లు పెట్టరాదు. పాలలోని చక్కెరను జీర్ణించుకొనే శక్తి పక్షులకు లేదు.

అటవీ సిబ్బందికి అప్పగించడం ఆలస్యమైతే, పక్షి జాతిని బట్టి తాత్కాలిక ఏర్పాటు చేయవచ్చు. పిచ్చుక, గోరింక, పిగిలిపిట్ట పిల్లలకు ఉడికించిన కోడిగుడ్డును మెత్తగా చిదిమి, పిచ్చుకకైతే మినపగింజంత, గోరింకకైతే శనగగింజంత పరిమాణంలో పెట్టవచ్చు. గింజలు తినే పిచ్చుక సైతం తన పిల్లలను పురుగులతోనే పెంచుతుంది. అందువల్ల పిల్లకు బియ్యం, నూకలు సరిపోవు. ఈకలు రాని పిల్లకు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు 20 నుంచి 30 నిమిషాలకొకసారి మేత కావాలి. రాత్రివేళ అవసరం లేదు. ఈ పని సెలవు రోజు సరదా కాదని, వారాల తరబడి సాగే బాధ్యత అని ముందే గ్రహించాలి.

పావురం, గువ్వ పిల్లలు తల్లి గొంతుసంచిలో ఊరే ప్రత్యేక ద్రవంతో పెరుగుతాయి. అవి నోరు తెరిచి అడగవు. తమ ముక్కును తల్లి నోటిలో ఉంచి తీసుకుంటాయి. వీటికి మేత పట్టడం అనుభవజ్ఞుల వద్ద నేర్చుకోవలసిందే. లకుముకి పిట్టకు, కొంగకు చిన్న చేపలు, గుడ్లగూబకు ఎముకలతో కూడిన ఆహారం అవసరం. మెత్తని మాంసం ఒక్కటే పెడితే కాల్షియం లోపించి ఎముకలు వంగిపోతాయి.

నీటిపక్షులు, గుడ్లగూబల విషయంలో జాగ్రత్తలు

కొంగ జాతి పక్షులు మెరుపువేగంతో కంటిపై పొడుస్తాయి. వాటిని పట్టుకొనేటప్పుడు ముందుగా తలను అదుపు చేసి, ముఖానికి దూరంగా ఉంచాలి. గూడబాతు, నీటికాకుల ముక్కును తాడుతోగాని టేపుతోగాని పూర్తిగా మూసి కట్టరాదు. వాటి బయటి నాసికారంధ్రాలు మూసుకొని ఉంటాయి. నోటి ద్వారానే ఊపిరి తీసుకుంటాయి. కొల్లేరు పరిసరాలలోని చెరువు కాపలాదారులకు ఈ ఒక్క విషయం తెలిసినా కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

గుడ్లగూబ అపశకునమన్న భావనతో ఇళ్ల అటకల్లో, ఆలయ గోపురాల్లో దొరికిన పిల్లలను రాళ్లతో కొట్టే ఘటనలు నేటికీ ఉన్నాయి. ఎలుకలను వేటాడే ఈ పక్షి వరి రైతుకు మేలు చేసేదే.

నోట చొంగ కారుతూ, వణుకుతూ, నిలబడలేని పక్షులు చేనులో ఒకేసారి కనిపిస్తే పురుగుమందు ప్రభావం కావచ్చు. చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు. పరిసరాల్లోని గింజలను, ఎరను తొలగించక అధికారులకు చూపాలి.

బర్డ్ ఫ్లూ: మరువరాని హెచ్చరిక

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ల ఫారాలలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఉన్నట్లు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించింది. అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాలో ఈ వ్యాధితో ఒక చిన్నారి మరణించింది. అడవి పక్షులు, ముఖ్యంగా నీటిపక్షులు ఈ వైరస్‌ను మోయగలవు. అందుచేత ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

– ఒకే చోట పలు పక్షులు చనిపోయి లేదా తల వాల్చి కనిపిస్తే తాకక, పశుసంవర్ధక శాఖకు, అటవీ శాఖకు తెలపాలి.
– పక్షిని పట్టేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు ధరించాలి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
– తెచ్చిన పక్షిని వంటగదిలోను, ఇంటి కోళ్ల గూటి దగ్గరా ఉంచరాదు. పిల్లలను, వృద్ధులను దూరంగా ఉంచాలి.
– పక్షిని తాకిన వారికి పది రోజులలోపు జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు కనిపిస్తే వైద్యునికి ఆ విషయం చెప్పాలి.

తిరిగి ఆకాశంలోకి

సంరక్షణ లక్ష్యం పక్షిని మచ్చిక చేసుకోవడం కాదు, తిరిగి వదలడం. మాట్లాడుతూ, నిమురుతూ పెంచిన పిల్ల మనిషినే తన జాతిగా భావిస్తుంది. అది ఎగరగలిగినా తన గుంపులో ఇమడలేదు. మనిషిని చూసి భయపడదు కనుక బయట ఎక్కువ కాలం బ్రతకదు. మేత పెట్టినప్పుడు తప్ప దానితో సంబంధం తగ్గించాలి. వీలైతే అదే జాతి పిల్లలను కలిపి ఉంచాలి.

స్వయంగా మేత వెదకడం, నిలకడగా ఎగరడం, ఈకలు తడవకుండా నిలవడం అనే మూడింటినీ సాధించిన పక్షిని మాత్రమే అటవీ అధికారుల సూచన మేరకు వదలాలి. దొరికిన చోటనే, వాన లేని ఉదయం వేళ వదలడం శ్రేయస్కరం. పగలంతా మేత వెదకడానికి వ్యవధి దొరుకుతుంది. గుడ్లగూబను సాయంసంధ్య వేళ వదలాలి.

అధికారులకు, పాత్రికేయులకు

రహదారుల విస్తరణ, కాలువగట్ల పనులు, తీగల కింద కొమ్మల నరికివేత చేపట్టేముందు చెట్లపై గూళ్లు ఉన్నవో లేవో పరిశీలించి, పిల్లలు ఎగిరేవరకు ఆ చెట్టును ఆపగలిగితే వందల రక్షణ చర్యలకంటే అది మేలు. తుఫాను అనంతర సహాయ చర్యల్లో పశువైద్య బృందాలకు అట్టపెట్టెలు, చేతి తొడుగులు అందుబాటులో ఉంచడం పెద్ద వ్యయం కాదు.

పక్షులను ఒడిలో పెట్టుకొని తీసిన చిత్రాలు ప్రచురించడం వల్ల వాటిని పెంచుకోవాలన్న కోరిక వ్యాపిస్తుంది. గూళ్లు ఉన్న ఖచ్చితమైన చోటును వెల్లడించకుండా, ఏమి చేయాలో ఎవరికి చెప్పాలో వార్తలోనే ఒక వాక్యంగా చేర్చడం పత్రికలు చేయగల ఉపకారం. పక్షి ప్రాణం చాలాసార్లు దానిని తాకాలా వద్దా అన్న తొలి నిర్ణయంపైనే ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయం సరిగా తీసుకొనే అవగాహనను గ్రామగ్రామాన కల్పించవలసి ఉన్నది.