ఇంట కట్టిన ఆంప్లిఫయరు

నేడు రేడియో గల యింట మీట త్రిప్పినంతనే గదియంతయు పాటతో నిండును. ఇంటివారందఱు ఎవరి పని వారు చేసికొనుచునే వినగలరు. కాని రేడియో తొలి దినములలో వినుట ఒక్కరి భాగ్యము. హెడ్‌ఫోను తగిలించుకొన్నవారికి మాత్రమే పాట వినవచ్చెడిది. ప్రక్కన కూర్చున్నవారికి వారి ముఖమున కనబడు సంతోషమే మిగిలెడిది. ఆ ఒక్కరి చెవినుండి ధ్వనిని బయటికి తెచ్చుటకును, తెచ్చిన ధ్వనిని చెడకుండ కాపాడుటకును జరిగిన ప్రయత్నమే ఆంప్లిఫయరు చరిత్ర. అందు పరిశోధనాలయములకే గాక, ఇంటి బల్లమీద తీగలకు టంకము పెట్టుకొన్న సామాన్యులకును పాలు కలదని మేము చెప్పదలచితిమి.

తొలి యింటి రేడియో స్ఫటికపు సెట్టు. గెలీనా అను సీసపు ఖనిజపు ముక్కపై సన్నని తీగ మొనను ఆనించి, రేడియో తరంగమునుండి ధ్వనిని వేరుచేసెడివారు. ఇట్టి గెలీనా సాధనమునకు పేటెంటు కోరుచు 1901లో అమెరికాలో దరఖాస్తు పెట్టినవారు కలకత్తాలో ఆచార్యులైన జగదీశ చంద్ర బోసు; అది 1904లో మంజూరయ్యెను. స్ఫటికపు సెట్టునకు బ్యాటరీ అక్కఱలేదు. ఏరియలు తీగ పట్టిన కొద్దిపాటి శక్తియే హెడ్‌ఫోనులోని పలుచని ఇనుప రేకును కదపవలెను. అందుచే కొందఱు రెండు చెవిబిళ్లలను విడదీసి ఇద్దఱును చెరియొకటి పెట్టుకొనెడివారు. మఱికొందఱు హెడ్‌ఫోనును పింగాణి గిన్నెలో ఉంచి, చుట్టును చేరి చెవులు రిక్కించెడివారు. గిన్నె ధ్వనిని ఒక దిక్కునకు మలపగలదే గాని, దానికి బలమీయలేదు.

బలమిచ్చు సాధనము లేనప్పుడు ఉన్న హెడ్‌ఫోనునే మెఱుగుపఱుపవలెను. అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియల్ బాల్డ్విన్ ఆ పని చేసెను. 1910లో ఆయన తాను చేసిన హెడ్‌ఫోనును నౌకాదళమునకు పంపగా, అచ్చటివారు పరీక్షించి, మెచ్చి, మఱిన్ని కావలెననిరి. ఒక్కమాఱు పదికి మించి చేయజాలనని ఆయన తెలిపెను. ఏలయన ఆయన కార్ఖానా తన వంటయిల్లే!

ధ్వనికి నిజముగా బలమిచ్చినది వాల్వు. 1906లో లీ డి ఫారెస్టు ‘ఆడియాన్’ అను మూడంగముల వాల్వును చేసెను. వేడెక్కిన ఫిలమెంటు నుండి ప్లేటునకు పోవు ఎలెక్ట్రానుల త్రోవలో గ్రిడ్ అను తీగ ఉండును. కాలువకు తూము తలుపు ఎట్టిదో, ఆ ప్రవాహమునకు గ్రిడ్ అట్టిది. దానిపై కొద్ది మార్పు కలిగినను ప్రవాహము ఎంతో మాఱును. 1912లో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు, న్యూయార్కు చేరువనున్న యాంకర్స్‌లోని తమ యింటి పైగదిలో, ప్లేటు వద్ద పెరిగిన సంకేతమునుండి కొంత భాగమును మరల గ్రిడ్‌నకు అందించెను. పెరిగినది మరల పెరిగెను. అంతకుముందు చెవికి అదుముకొన్నను అందని సంకేతములు, బల్లమీద విడిచిన హెడ్‌ఫోను నుండియే గదిలో వినబడెను. ఇట్లు ఫలితమును మొదటికి త్రిప్పి యిచ్చుటను ఫీడ్‌బాక్ అందురు.

ఈ కల్పన ఎవరిదను వివాదము డి ఫారెస్టు, ఆర్మ్‌స్ట్రాంగుల నడుమ పెక్కేండ్లు సాగి, 1934లో అమెరికా సుప్రీం కోర్టులో డి ఫారెస్టు పక్షమున ముగిసెను. ఆర్మ్‌స్ట్రాంగు తనకు పూర్వమిచ్చిన పతకమును రేడియో ఇంజనీర్ల సంస్థకు తిరిగి ఈయబోగా, ఆ సంస్థ పుచ్చుకొన నిరాకరించెను.

ఇంతలో ఈ విద్య సామాన్యుల యిండ్లకు ప్రాకెను. బ్రిటనులో 1922లో బి.బి.సి. ప్రసారములు మొదలుకాగానే, ఎందఱో విడిభాగములు కొని, పత్రికలలోని పటములు చూచి, సెట్లు ఇంటనే కట్టుకొనిరి. వారికై 1923లో ప్రత్యేకముగ ఒక లైసెన్సు ఏర్పఱుపవలసి వచ్చెను. మన దక్షిణదేశమునను ప్రసారములకు నాంది పలికినది ఔత్సాహికులే. 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసి, ధనాభావమున ఆగిపోవువఱకు, అనగా 1927 వఱకు, ప్రసారములు సాగించెను.

కాని ఇంట కట్టిన సెట్టు ఇంటివారి సుఖముతో ఆగలేదు. ఆర్మ్‌స్ట్రాంగు చూపిన ఫీడ్‌బాక్‌ను మితముగా వాడిన ధ్వని పెరుగును. మితిమీఱిన వాల్వు తనంత తానే కంపించి, వినవలసిన సెట్టు చిన్న ప్రసార యంత్రమగును. దాని ఏరియలు నుండి వెడలిన కేక పొరుగిండ్ల హెడ్‌ఫోనులలో చొచ్చి, వారు వినుచున్న సంగీతమును చెఱచెడిది. మీటను అతిగా త్రిప్పవలదని బి.బి.సి. వారు శ్రోతలను పలుమాఱు వేడుకొనవలసి వచ్చెను. ఒక యింటి దురాశ మఱియొక యింటికి బాధయైనది.

బలమునకు పిమ్మట కావలసినది నిజాయితీ. దూరపు టెలిఫోను తీగలపై వరుసగా ఎన్నో ఆంప్లిఫయర్లు ఉండును. ఒక్కొక్కటి మాటను కొంచెము చెఱచినను తుదకు మాట గుర్తుపట్టరాకుండును. బెల్ పరిశోధనాలయపు ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ ఈ చిక్కును ఏండ్ల తరబడి తలపోసెను. 1927 ఆగస్టు 2న ఉదయము పనికిపోవుచు హడ్సను నది దాటు పడవలో ఉండగా ఆయనకు ఉపాయము తోచెను. చేతనున్న వార్తాపత్రిక పుటపైననే దానిని గీసికొనెను. ఫలితమును మొదటికి త్రిప్పి యిచ్చుట ఆర్మ్‌స్ట్రాంగు చేసినదే. బ్లాక్ దానిని ఎదురుదిక్కున ఇచ్చెను. కలిపినచో బలము పెరుగును. తీసివేసినచో బలము తగ్గును గాని తప్పు దిద్దుకొనును. వంటచేయు ఇల్లాలు ఉడుకుచున్న పులుసును గరిటెతో రుచిచూచి ఉప్పు సరిచేసినట్లు, ఆంప్లిఫయరు తన పలుకును తానే విని సరిచేసికొనును. బలమును కావలెనని పోగొట్టుకొనుట పేటెంటు కార్యాలయమువారికి సైతము నమ్మశక్యము కాలేదు. 1928లో పెట్టిన దరఖాస్తు 1937లో గాని మంజూరు కాలేదు.

ఈ విద్యను ఇంటి బల్లమీదికి దింపినది డి. టి. ఎన్. విలియమ్సను. 1947 ఏప్రిలు, మే నెలలలో ‘వైర్‌లెస్ వరల్డు’ పత్రికలో ఆయన ప్రకటించిన ఆంప్లిఫయరు 15 వాట్ల బలము కలది. ధ్వనిలోని వికృతి నూటికి పదవవంతు కంటె తక్కువ. దేశదేశముల ఔత్సాహికులు దానిని కట్టిరి. కట్టినవారు ఊరకుండిరా? మార్చి చూచిరి. 1951లో డేవిడ్ హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్‌లు చివరి వాల్వులకును ట్రాన్స్‌ఫార్మరునకును గల సంబంధమును మార్చి ‘అల్ట్రా లీనియర్’ పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి.

ఐతే ప్రతి మార్పును మేలు చేయలేదు. ట్రాన్స్‌ఫార్మరు నాసిదైనచో, మొదటికి తిరిగివచ్చు దిద్దుబాటు కొన్ని స్థాయిలలో ఆలస్యమగును. పూర్వపు రుచి తలచుకొని ఇప్పుడు ఉప్పు వేసినచో పులుసు చెడినట్లే, ఆలస్యమైన దిద్దుబాటు తప్పునే పెంచును. అప్పుడు ఆంప్లిఫయరు చెవికందని స్థాయిలో కేకలు వేయుచుండును. ఇంటి యజమాని మాత్రము పాట ఏల బాగులేదాయని విస్తుపోవును. 450 వోల్టులతో పనిచేయు ఆ యంత్రమును విప్పుట అపాయకరము కూడ. మీట ఆర్పిన పిదపను కండెన్సరులలో విద్యుత్తు నిలిచియుండును.

తుదకు కథ మరల హెడ్‌ఫోను కడకే వచ్చెను. 1958లో అమెరికాలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోనును ప్రవేశపెట్టెను. ఒకప్పుడు గతిలేక పెట్టుకొన్నదానిని, ఇతరులకు ఇబ్బంది కలుగరాదని కోరి పెట్టుకొనుట మొదలయ్యెను. 1947లో పుట్టిన ట్రాన్సిస్టరు, దాని సంతతియైన చిప్పులు వాల్వు స్థానమును చాలవఱకు ఆక్రమించెను. నేడు పిప్పరమెంటు డబ్బాలో ఒక చిప్పును, 9 వోల్టుల బ్యాటరీని అమర్చి హెడ్‌ఫోను ఆంప్లిఫయరు కట్టుకొనువారు కలరు. అందును ఉన్న చిప్పు తీసి, వేగము గల మఱియొకటి పెట్టినచో వెనుకటి కేకయే పుట్టవచ్చును. అది చెవికి వినబడదు. చిప్పు వేడెక్కును, బ్యాటరీ త్వరగా అయిపోవును.

కావున మార్చదలచినవారు ఒక్కమాఱు ఒక్కదానినే మార్చవలెను. తీసిన భాగమును పాఱవేయరాదు. క్రొత్తదానిని పెట్టి, వేలితో తాకి వేడి చూచి, ఎఱిగిన పాటనే మరల వినవలెను. చేసినదానిని మొదటితో పోల్చి దిద్దుకొనుటయే గదా, బ్లాక్ ఆనాడు పడవలో కనుగొన్నది!