మద్రాసు పీపుల్స్ పార్కు ఏమైనది?

మద్రాసు సెంట్రల్ స్టేషనులో రైలు దిగి, పాత పుస్తకాల కోసం మూర్ మార్కెట్టు వైపు నడిచిన మన తరం వారందరూ ఒకప్పటి ఉద్యానవనం నేల మీదనే నడిచారు. ఎదురుగా ఉన్న చిన్న స్టేషనుకు 'పార్క్' అనీ, ఆ పేటకు 'పార్క్ టౌన్' అనీ పేర్లు ఎందుకు వచ్చాయో ఆలోచించినవారు తక్కువ. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంఘ కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు మొదట ఈ పార్కే గుర్తుకు వచ్చినది.

1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఆ పదవిలో ఉన్నది ఏడాది పైచిలుకు మాత్రమే. ఆదాయపు పన్ను ప్రతిపాదనను బహిరంగంగా ఎదిరించినందుకు 1860లో ఆయనను వెనక్కు పిలిపించారు. పెన్షను మీద కూడా పన్ను కట్టే మనకు ఆయనపై కొంత అభిమానం కలగడం సహజమే. అయితే ఐర్లండు కరువు రోజుల్లో సహాయం విషయంలో చేయి బిగించాడన్న నింద మోసినవాడు కూడా ఈయనే.

ఆ కాలానికి ఇంగ్లండులో పార్కుల సంగతి చర్చలోకి వచ్చి ఉన్నది. పేదలు నడవడానికి కూడా చోటు లేదని 1833లో పార్లమెంటు కమిటీ ఒకటి చెప్పినది. తూర్పు లండను వాసుల కోసం పార్కు కావాలని 1840లో ముప్పై వేల మంది సంతకాలతో రాణికి అర్జీ వెళ్ళగా, 1845లో విక్టోరియా పార్కు తెరిచారు. ట్రెవెల్యన్ దొర అదే ఆలోచనను మద్రాసుకు తెచ్చాడు. కోటకు ఉత్తరాన బ్లాక్ టౌన్, అంటే తరువాతి జార్జి టౌన్, ఇరుకు సందులతో కిక్కిరిసి ఉండేది. దొరలకు విశాలమైన తోట బంగళాలు ఉండనే ఉన్నాయి. గాలి కావలసినది బ్లాక్ టౌన్ వారికి గనుక, దాని గోడకు పడమరగా 116 ఎకరాలలో పీపుల్స్ పార్కు వెలిసినది. పదకొండు కొలనులు, ఐదున్నర మైళ్ళ బాటలు, స్నానపు కొలను, బ్యాండు స్టాండు ఏర్పడ్డాయి. ఎగ్మూరు మ్యూజియంలోని జంతువులను కూడా ఇక్కడికే తెచ్చారు.

ఆ తరువాత కథ మన ఆఫీసు ఫైళ్ళలో నోటు మీద నోటు చేరినట్లు నడిచినది. పట్టణానికి ఒక టౌన్ హాలు కావాలన్నారు. పార్కు నేలలో కొంత లీజుకిచ్చారు. 1883లో విక్టోరియా పబ్లిక్ హాలుకు శంకుస్థాపన చేసినది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారే. తరువాత మార్కెట్టు కావలసి వచ్చి, 1900 నాటికి మూర్ మార్కెట్టు లేచినది. కార్పొరేషనుకు సొంత కార్యాలయం కావలసి వచ్చి, 1913లో రిప్పన్ భవనం తయారైనది. స్టేడియమూ అక్కడికే వచ్చినది. 1985లో మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతి కాగా ఆ చోటు రైల్వే సబర్బన్ స్టేషనుకు పోయినది. అదే ఏడు జంతు ప్రదర్శనశాల వండలూరు వెళ్ళిపోయినది. ఇందులో ఏ ఒక్కటీ చెడ్డ పని కాదు. అన్నీ ప్రజల కోసమే. కానీ ఆ 116 ఎకరాలు ఎవరి ఊపిరి కోసం వదిలారో ఆ సందుల వారికి మిగిలినది మై లేడీస్ గార్డెన్ అనే చిన్న తోట.

పార్కు పుట్టిన సరిగ్గా నూరేళ్ళకు, 1959లో, మద్రాసు రాష్ట్రం పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల పరిరక్షణకు చట్టం చేసినది. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి చట్టం 1985లో వచ్చినది. దానికి ప్రాణం జాబితా. స్థానిక సంస్థ తన పరిధిలోని పార్కులన్నీ జాబితా వ్రాయాలి. జాబితాకెక్కిన స్థలాన్ని ముందు అనుమతి లేకుండా వేరే పనికి వాడరాదు. నలభై ఏళ్ళు రికార్డులతో బ్రతికినవాడిని, జాబితాలో లేనిది ప్రభుత్వం దృష్టిలో లేనట్టేనని నాకు తెలుసు. నేను పనిచేసిన ఒక ఊరి జాబితాలో పేర్లన్నీ కొత్త లేఅవుట్ల కాలనీలవే. పాత పేటల నుండి, రైలుకట్ట పక్క బస్తీల నుండి ఒక్క పేరు లేదు. కారణం కుట్ర కాదు, లెక్క. లేఅవుట్ వేసేవారు నూటికి 10 వంతుల స్థలం వదలాలి. లేఅవుటే లేని చోట వదిలేవారెవరు? పార్కు ఉన్నచోటికే తోటమాలి జీతం, బోరు మోటారు, దీపాలు, బెంచీలు బడ్జెటులో వెళతాయి. లేని పేటకు పద్దే తెరవరు. 2015లో కేంద్రం ప్రారంభించిన అమృత్ పథకంలో పార్కులకు చోటిచ్చారు గాని, 2.5 శాతానికి మించకుండా, అదీ ముఖ్యంగా లక్ష జనాభా దాటిన పట్టణాలకు. ఆ పథకంలో చిన్న మునిసిపాలిటీలకు పెద్దగా చోటు లేకపోయినది.

బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి సిఫారసుపై ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వగా, కాలనీవాసులు కోర్టుకెక్కారు. ఆసుపత్రి కూడా ప్రజాసౌకర్యమే కదా అన్న వాదన అక్కడా వినిపించినది. 1991లో సుప్రీంకోర్టు దానిని ఒప్పుకోలేదు. అక్కడి వారికి చదువూ, వకీలుకిచ్చే స్తోమతూ ఉన్నాయి. పాత పేటల వారికి ఆ రెండూ తక్కువే, మనకు మాత్రం తీరిక ఉన్నది.

మన సభ్యులలో నడక అలవాటున్నవారు తమ మునిసిపాలిటీ జాబితా నకలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చును. దరఖాస్తుకు రుసుము పది రూపాయలు. నకలు చేతికి రాగానే వార్డుల వారీగా చూడండి. ఏ వార్డుకు ఎదురుగా ఏమీ వ్రాసి లేదో ఆ వార్డుల పేర్లు మన సంఘ కార్యాలయానికి వ్రాసి పంపితే, కలిపి ఒక మహజరు తయారు చేయడానికి నేను సిద్ధం.