జానెడున్నర దారం

విశాఖ వన్‌టౌన్‌లో ఒక మేడగది. కిటికీలోంచి హార్బరు ఉప్పుగాలి, లోపలికొస్తున్న ఓడ కూత. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు నీళ్ళమీద తిరుగుతోంది. బల్లమీద అడుగు అడ్డకొలత గ్లోబు, పక్కన లాప్‌టాప్‌లో విమానం టికెట్లు. మనవరాలు చదువుకోడానికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తోంది. తాత పోర్టు టగ్గుల్లో సరంగుగా చేసి రిటైరైన మనిషి.

"ఏ దారిన పోతావే అమ్మలూ?"

"జపాన్ మీంచి పసిఫిక్ దాటెయ్యడమే కదా తాతా." ఆమె వేలు అట్లాసు మీద అడ్డంగా జారింది.

"అట్లాసు బల్లపరుపు. భూమి అలగుంటదేటి?"

పూలదారం కొస ఒకటి విశాఖ మీద బొటనవేలితో అదిమిపెట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బిగలాగాడు. కాస్త వంగి చూడండి. దారం జపాన్ మీద నిలవదు. బిగిసేకొద్దీ దానంతటదే ఉత్తరానికి జరుగుతుంది. ఒడిశా, బిహార్, కాంచన్‌జంగా, టిబెట్, మంగోలియా, సైబీరియా. ఆర్కిటిక్ వలయం దాటి, బేరింగ్ జలసంధి మీదుగా అలాస్కాలో ఆంకరేజ్ పక్కనుంచి కిందికి దిగింది.

గోళం మీద ఇంతకంటే దగ్గరి దారి లేదు. అదే దారాన్ని తీసి భూమధ్యరేఖ వెంట పరిచాడు. ఉన్నది జానెడున్నర, 120 డిగ్రీలకు వెంట్రుకవాసి తక్కువ.

"డిగ్రీకి అరవై నాటికల్ మైళ్ళు. 7,200. మైలుకి 1.852 కిలోమీటర్లేసుకో."

13,334. ఆమె రెండు ఎయిర్‌పోర్టుల కోడ్‌లూ కొట్టి చూస్తే లాప్‌టాప్ సుమారు 13,300 అంది. తాత మీసం కింద నవ్వు.

కానీ ఆ దారిన విశాఖ నుంచి నేరుగా వెళ్ళే విమానం లేదు. ఉన్నా, టిబెట్ మీద క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పదివేల అడుగులకు దిగాలి. అక్కడ నేలే అంతకంటే ఎత్తు. అందుకే టికెట్ల దారులూ కొలిచారు. ఢిల్లీ మీదుగా దాదాపు 13,750. పెరిగింది నాలుగొందల చిల్లరే. సింగపూర్ మీదుగా 16,500.

"మరి ఇది చూడు తాతా." 2016 అక్టోబరులో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా నడిపింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా పడమటిగాలి వెనకనుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పాత దారికంటే దాదాపు రెండు గంటల ముందే!

సరంగుకి వేరే చెప్పక్కర్లేదు. "నీరు వెనకుంటే టగ్గయినా అంతే. అయితే మైళ్ళొగ్గేసి గంటలు చూడు. ఢిల్లీలో ఎంతసేపు పడిగాపులో అదీ కలుపు."

గుమ్మంలోంచి నానమ్మ: "ముందది అక్కడ పగలు దిగుతాదో, రాత్రి దిగుతాదో చూడండి."

మనవరాలు వెతుకులాట మళ్ళీ మొదలెట్టింది, దిగే టైము దగ్గర్నుంచి.