ధారణకు ఆలంబనములు

నిడదవోలు వేంగీచాళుక్యుల చరిత్రమున సుపరిచితమైన స్థలము. కాకతీయ రుద్రమదేవి భర్తయగు చాళుక్య వీరభద్రుఁడు నిడదవోలు చాళుక్యశాఖకుఁ జెందినవాఁడు. ఈ గోదావరీసీమలో విషయమును మఱవకుండుటకుఁ బూర్వులు గ్రహించిన యుపాయములు రెండు విచార్యములు.

మొదటిది పదసంఖ్య. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకవత్సరమును కోరుమిల్లి తామ్రశాసనము వేద, అంబురాశి, నిధి శబ్దములచేఁ దెలుపుచున్నది. వేదములు 4, సముద్రములు 4, నిధులు 9. వీనిని కుడినుండి యెడమకుఁ జదువఁగా శకవర్షము 944, అనఁగా క్రీ.శ. 1022 అగును. అంకె యొకటి తప్పినచోఁ గాలమే తప్పును. పదమైనచో ఛందస్సు దానిని పట్టియుంచును. పర్యాయపదము చేరినను సంఖ్య మాఱదు.

రెండవది అవధానధారణ. తిరుపతి వేంకటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు (1872–1920) యండగండియందును, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) కడియమందును జన్మించిరి. ఇరువురును చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. శతావధానమున నూఱుగురు పృచ్ఛకులకు వరుసగా నొక్కొక్క పాదము చెప్పుచు, నాలుగావృత్తులలోఁ బద్యములు ముగించి, పిదప నన్నిటిని ధారణ చేయవలెను. ఇది కేవలము దైవదత్తమని లోకులందురు. కాని పద్యములోనే స్మరణకుఁ బట్టుకొమ్మలు గలవు. ఉత్పలమాలలో మొదటి యక్షరము తోఁచినచోఁ బదియవదానికి యతిమైత్రి యుండవలెను. సమస్యాపాదము తోఁచినచో దాని ద్వితీయాక్షరమే తక్కిన మూఁడు పాదములకును ప్రాసను నిర్ణయించును. పృచ్ఛకుని స్థానమును, అతఁ డడిగిన విషయమును వీనికిఁ దోడ్పడును.

1966లో టుల్వింగ్, పెర్ల్‌స్టన్ అను మనశ్శాస్త్రజ్ఞులు చేసిన పరీక్షలో, పదముల పట్టికను నేర్చినవారికి వర్గనామములు సూచనగా నీయఁబడినప్పుడు, సూచన లేనివారికంటె నధికపదములు జ్ఞప్తికి వచ్చినవి. మనస్సున నున్నదియు సూచన లేక వెలికి రాకపోవుట గలదని దీనివలనఁ దేలినది.

దీనివలనఁ బరిష్కర్తల కొక హెచ్చరిక గలదు. నోటిపాఠమున యతిప్రాసలు గల చోట్లు దృఢములు. నడుమనుండు పదములు సులభముగా మాఱును. కావున నట్టి చోట్లఁ బాఠభేదమును శంకించి చూడవలెను. పాఠశాలాపండితులును బద్యమును వల్లె వేయించుటకు ముందు యతిప్రాసస్థానములను జూపినచో, బాలురకు శ్రమ తగ్గును, ధారణ నిలుచును.