నోటీసు చదువు

పనిచేసే చోట అతికించే నోటీసులు, సర్క్యులర్లు, మెమోలను చదివి అర్థం చేసుకోవడం నేర్పే వయోజన విద్యా విభాగం. ఉదాహరణకు కృష్ణా జిల్లాలో 2011 జనగణన నాటికి అక్షరాస్యత 73.74 శాతం. ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారినే ఆ లెక్కలో అక్షరాస్యులన్నారు.

తెలుగునాట ‘మెమో’ మాటకే బెదురెక్కువ. “మెమో ఇచ్చారు” అంటే సంజాయిషీ అడిగారనే. దానికి తోడు గ్రాంథికం. “ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా” దగ్గరే కొత్త చదువరి ఆగిపోతాడు. నిజానికి అందులో కబురేమీ లేదు! దాన్ని దాటించి ఎవరికి, ఎప్పటినుంచి, ఏం చేయాలి అన్నవి వేలు పెట్టి వెతికించడమే పాఠం. “తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు” అంటే “మళ్లీ చెప్పేదాకా” అని విడమరిస్తే సగం భయం పోతుంది.

బతుక్కి దగ్గరైన పాఠం ఎంత పనిచేస్తుందో నెల్లూరు జిల్లా చూపింది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమ వాచకంలోని కథను చర్చించుకున్న దూబగుంట మహిళలు ఊళ్లో సారా అమ్మకాలపై తిరగబడ్డారు.

ఇక నోటీసుల భాష సంగతికొస్తే, ఫ్యాక్టరీలో చట్టప్రకారం పెట్టాల్సిన నోటీసులు ఇంగ్లిషుతోపాటు కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని, ప్రధాన ద్వారం దగ్గర కనబడేలా పెట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ నిర్దేశించింది.