ఊరి పక్కన క్వారీ వస్తోందా? పబ్లిక్ హియరింగ్‌లో మీ మాటకు విలువెంత.. రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఊరి పక్కనున్న గుట్టను క్వారీకి ఇస్తున్నారని తెలియగానే గ్రామస్థులకు వచ్చే మొదటి డౌట్ ఒక్కటే.. "మేం వద్దంటే ఆగుతుందా?" రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రానైట్, కంకర, గ్రావెల్ క్వారీల మీద జరిగే ప్రజాభిప్రాయ సేకరణల్లో తరచూ వినిపించే ప్రశ్న కూడా ఇదే. సూటిగా చెప్పాలంటే, అది ఓటింగ్ కాదు. అలాగని ఉత్త తంతు కూడా కాదు. అక్కడ రికార్డుల్లోకి ఎక్కిన ప్రతి అభ్యంతరానికీ చట్టపరంగా విలువ ఉంటుంది. అదెలాగో చూద్దాం.

పబ్లిక్ హియరింగ్ ఏ క్వారీకి తప్పనిసరి?

భవన నిర్మాణ రాయి, గ్రావెల్, మామూలు ఇసుక లాంటివి చిన్న తరహా ఖనిజాల కిందకు వస్తాయి. వీటి లీజుల నిబంధనలు పెట్టే అధికారం 1957 నాటి గనుల చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలదే. అయితే లీజు చేతికొచ్చినంత మాత్రాన తవ్వకం మొదలుపెట్టడానికి వీల్లేదు. పర్యావరణ అనుమతి కూడా ఉండాలి. 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకు కూడా ఇది తప్పదని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది.

పర్యావరణ అనుమతి ఎలా ఇవ్వాలన్నది కేంద్రం 2006 సెప్టెంబర్ 14న ఇచ్చిన ఈఐఏ నోటిఫికేషన్‌లో ఉంది. ఈఐఏ అంటే పర్యావరణ ప్రభావ మదింపు. ఇందులో నాలుగు దశలు ఉంటాయి. ప్రాజెక్టు ఏ కేటగిరీలోకి వస్తుందో చూడటం, ఏయే అంశాలు అధ్యయనం చేయాలో నిర్ణయించడం, ప్రజాభిప్రాయం తీసుకోవడం, చివరగా నిపుణుల కమిటీ పరిశీలన.

ఇక్కడే అసలు మెలిక ఉంది. అన్ని క్వారీలకూ పబ్లిక్ హియరింగ్ జరగదు. 2016 జనవరిలో తెచ్చిన సవరణతో చిన్న ఖనిజాల లీజులకు జిల్లా స్థాయిలోనే అనుమతులిచ్చే ఏర్పాటు చేశారు. 5 నుంచి 25 హెక్టార్ల మధ్య లీజులకు ఈఐఏ రిపోర్టు, ప్రజాభిప్రాయ సేకరణ ఉండాల్సిందేనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018 సెప్టెంబర్ 13న ఆదేశించింది. కాబట్టి 5 హెక్టార్లు, అంటే సుమారు 12.35 ఎకరాలు అన్నది కీలకమైన గీత.

మరి ఒకే గుట్టను 4 హెక్టార్ల చొప్పున ముక్కలు చేసి లీజుకిస్తే? దానికీ రూల్ ఉంది. ఒకే రకం ఖనిజమున్న ప్రాంతంలో ఒక లీజు హద్దుకు, మరో లీజు హద్దుకు మధ్య 500 మీటర్ల కంటే తక్కువ దూరం ఉంటే వాటిని క్లస్టర్‌గా చూస్తారు. క్లస్టర్ మొత్తం విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఇందులో కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి. అందుకే కొత్త క్వారీ అనగానే దాని విస్తీర్ణం ఒక్కటే కాదు, చుట్టుపక్కల లీజులు ఎన్ని ఉన్నాయన్నదీ చూడాలి.

నోటీసు ఎలా ఇవ్వాలి?

హియరింగ్ నిర్వహించే బాధ్యత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది, అంటే పీసీబీది. క్వారీకి దరఖాస్తు చేసుకున్నవాళ్లు సొంతంగా మీటింగ్ పెట్టుకుంటే అది హియరింగ్ కిందకు రాదు.

* ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ప్రజలు స్పందించడానికి కనీసం 30 రోజుల గడువు ఉండాలి.
* పేపర్ చేరని ఊళ్లలో దండోరా వేయించి, రేడియో, టీవీల ద్వారా చెప్పించాలి.
* డ్రాఫ్ట్ ఈఐఏ రిపోర్టు కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, స్థానిక సంస్థల ఆఫీసుల్లో చూసుకోవడానికి అందుబాటులో ఉంచాలి. రిపోర్టు సారాంశం తెలుగులోనూ ఉండాలి.
* సభ ప్రాజెక్టు స్థలంలో గానీ, దానికి బాగా దగ్గరలో గానీ జరగాలి.

సభలో ఏం జరుగుతుంది?

కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. పక్కన పీసీబీ ప్రతినిధి ఉంటారు. ముందుగా దరఖాస్తుదారు తరఫు వాళ్లు ప్రాజెక్టు గురించి వివరిస్తారు. ఆ తర్వాత హాజరైన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే, వివరణ కోరే అవకాశం ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి.

చాలామందికి తెలియని పాయింట్ ఏంటంటే.. ఈ సభకు కోరం లేదు. పది మంది వచ్చినా సభ జరిగినట్టే. నిరసనగా ఊరంతా బహిష్కరిస్తే సభ ఆగిపోతుందన్న గ్యారంటీ లేదు. పైగా అభ్యంతరాలేవీ రాలేదని రికార్డయ్యే ప్రమాదం ఉంది. సభకు వెళ్లలేనివాళ్లు, వెళ్లడం ఇష్టం లేనివాళ్లు గడువులోపు పీసీబీకి రాతపూర్వకంగా అభిప్రాయం పంపొచ్చు.

సభ ముగిశాక అక్కడే మినిట్స్‌ను స్థానిక భాషలో చదివి వినిపించాలి. అందులో తమ మాట లేదని అనిపిస్తే అడగాల్సిన టైమ్ అదే. ఆ తర్వాతే అధికారి సంతకం చేయాలి. ఈ రికార్డును పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టర్ ఆఫీసుల్లో ప్రదర్శించాలి. సభ పూర్తయిన 8 రోజుల్లో అనుమతులిచ్చే సంస్థకు పంపించాలి.

ఎక్కువ మంది వద్దంటే ఆగుతుందా?

ఆటోమేటిక్‌గా ఆగదు. చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతి లేదు. కానీ వచ్చిన అభ్యంతరాలకు దరఖాస్తుదారు జవాబివ్వాలి. ఈఐఏ రిపోర్టులో, పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో తగిన మార్పులు చేయాలి. ఆ తర్వాత రాష్ట్ర నిపుణుల కమిటీ దాన్ని పరిశీలించి సిఫార్సు చేస్తుంది. తుది నిర్ణయం తీసుకునేది సియా, అంటే రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు ప్రాధికార సంస్థ.

గోవాలోని ఒక ఇనుప ఖనిజం గని విషయంలో ఢిల్లీ హైకోర్టు 2009 నవంబర్ 26న ఉత్కర్ష్ మండల్ కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడ ముఖ్యం. పబ్లిక్ హియరింగ్‌లో వచ్చిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ పరిశీలించాలని, వాటిని ఎందుకు ఒప్పుకుందో, ఎందుకు కాదందో కారణాలు చెప్పాలని కోర్టు స్పష్టం చేసింది. "క్వారీ వద్దు" అన్న ఒక్క మాటను పక్కన పెట్టడం తేలిక. "ఫలానా సర్వే నంబర్‌లోని కుంట మీ రిపోర్టులో లేదు" అంటే జవాబు చెప్పక తప్పదు.

ఏం అడిగితే ఉపయోగం?

ఈఐఏ రిపోర్టు రాసేది కన్సల్టెంట్. వారిని పెట్టుకునేది, డబ్బులిచ్చేది దరఖాస్తుదారే. ఆ రిపోర్టులో ఉన్నది, నేల మీద ఉన్నది ఒకటేనా అని చెప్పగలిగేది ఊరివాళ్లు మాత్రమే. అందుకే ఈ ప్రశ్నలు కీలకం:

* ఇళ్లు, బడి, గుడి, చెరువు ఎంత దూరంలో ఉన్నాయని రాశారు? అసలు దూరమెంత?
* తవ్వే లోతు భూగర్భ జలమట్టం కంటే కిందకు పోతుందా? చుట్టూ ఎన్ని బోర్లు, బావులు ఉన్నాయని చూపించారు?
* బ్లాస్టింగ్ ఏ టైమ్‌లో? హెచ్చరిక ఎలా ఇస్తారు?
* రోజుకు ఎన్ని టిప్పర్లు? ఊరి రోడ్డు మీదుగానేనా?
* దుమ్ము కొలతలు ఎక్కడ, ఏ నెలల్లో తీశారు? పీఎం10 ధూళి కణాలు 24 గంటల సగటున క్యూబిక్ మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్నది జాతీయ ప్రమాణం.
* తవ్వకం అయిపోయాక గుంతను ఏం చేస్తారు?

ఏజెన్సీ ప్రాంతాల్లో లెక్క వేరు

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం వర్తిస్తుంది. చిన్న ఖనిజాల లీజు ఇవ్వాలంటే ముందుగా గ్రామ సభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫార్సు చేయాలి. దీనికి తోడు 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ప్రభుత్వ భూములను కూడా మైనింగ్ కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలోని లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసు అది.

మైదాన ప్రాంత పంచాయతీలకు పెసా రక్షణ లేదు. అయినా గ్రామ సభ తీర్మానం చేసి, దాని కాపీని హియరింగ్‌లో ఇస్తే అది రికార్డులో భాగమవుతుంది.

అనుమతి వచ్చేస్తే ఇక అంతేనా?

కాదు. పర్యావరణ అనుమతి మీద 30 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీల్ చేసుకోవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మరో 60 రోజుల వరకు అవకాశం ఇవ్వగలదు. ఆ తర్వాత తలుపులు మూసుకుంటాయి. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ జోన్ బెంచ్ పరిధిలోకి వస్తాయి.

అనుమతి కాపీని పంచాయతీకి అందజేయాలి. పంచాయతీ దాన్ని 30 రోజుల పాటు ప్రదర్శించాలి. షరతులు ఎంతవరకు పాటించారో చెప్పే రిపోర్టును క్వారీ యాజమాన్యం ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి సమర్పించాలి. ఇవన్నీ ఎవరైనా చూడదగ్గ పబ్లిక్ డాక్యుమెంట్లే.

అప్పీల్‌కు వెళ్లినా, షరతుల ఉల్లంఘనపై ఫిర్యాదు చేసినా మొదట అడిగేది ఆధారమే. హియరింగ్‌లో ఇచ్చిన లెటర్ కాపీ, దాని మీద వేయించుకున్న అక్నాలెడ్జ్‌మెంట్ స్టాంప్, మినిట్స్ కాపీ.. ఈ మూడూ జాగ్రత్తగా దాచుకోవాలి.